ఫండస్ ఫొటోలు, ఓసీటీ స్కాన్‌లు ‘చదవలేం’ అని తిరిగొస్తుంటే ముందు చూడవలసినవి

మీ ప్రశ్న సారాంశం ఇది. జిల్లా కేంద్రంలోని మీ క్లినిక్‌లో కనుపాపను విప్పార్చే చుక్కల మందు వేయకుండానే ఫొటో తీయగల 45 డిగ్రీల ఫండస్ కెమెరా (కంటి అడుగున ఉన్న రెటీనా పొరను ఫొటో తీసేది) ఒకటి, స్పెక్ట్రల్ డొమైన్ ఓసీటీ (వెలుగుతో రెటీనా పొరలను అడ్డంగా కోసినట్లు చూపే స్కానర్) ఒకటి ఉన్నాయి. షుగర్ ఉన్నవారి కంటి ఫొటోలు తీసి నగరంలోని రెటీనా వైద్యులకు పంపుతున్నారు. వాటిలో చాలా భాగం ‘చదవడానికి పనికిరాదు’ అనే మాటతో తిరిగి వస్తున్నాయి. కెమెరా మార్చాలా అని అడిగారు. ఉదయం తీసినవి బాగుండి మధ్యాహ్నం తీసినవి మసకగా ఉంటున్నాయని, కుడికన్ను బాగా వచ్చి ఎడమకన్ను చీకటిగా వస్తోందని, అరవై దాటినవారి ఫొటోలే ఎక్కువగా చెడిపోతున్నాయని మీరే రాశారు. ఈ మూడు వివరాలు చాలు, లోపం కెమెరాలో లేదని చెప్పడానికి. కెమెరాలో లోపం ఉంటే అది పొద్దును, వయసును, కుడి ఎడమలను చూసి రాదు. అందరి ఫొటోల్లోనూ ఒకేలా కనబడుతుంది.

ఫండస్ కెమెరా పనిచేసే తీరు ఒకసారి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. కెమెరా వెలుగు వలయాకారంలో కనుపాప అంచుల దగ్గర నుంచి లోపలికి వెళుతుంది. రెటీనా మీద పడి తిరిగి వచ్చే వెలుగు కనుపాప నడిమి భాగం గుండా బయటికి వస్తుంది. పోయే దారి, వచ్చే దారి కలవకూడదు. కలిస్తే నల్లగుడ్డు (కంటి ముందరి పారదర్శక పొర, కార్నియా) మీదా, కంటి కటకం మీదా ప్రతిఫలించిన వెలుగు నేరుగా కెమెరాలోకి వచ్చి రెటీనా బొమ్మను కప్పేస్తుంది. ఈ రెండు దారులకూ చోటు ఉండాలంటే మామూలు పద్ధతిలో కనుపాప సుమారు 4 మి.మీ. ఉండాలి, చిన్న కనుపాప మోడ్ ఉన్న కెమెరాల్లో దాదాపు 3.3 మి.మీ. వరకు నెట్టుకురావచ్చు, అయితే బొమ్మ అంచుల నాణ్యత కొంత తగ్గుతుంది. అంటే ఫొటో బాగుంటుందా లేదా అనేది మీట నొక్కేటప్పుడు కాదు, అంతకుముందే కనుపాప దగ్గర, దానిమీది కన్నీటి పొర దగ్గర నిర్ణయమైపోతుంది.

మీ ఎడమకన్ను సమస్యకు కారణం ఇక్కడే ఉంది. ఈ కెమెరాలు ఫోకస్ చేసేటప్పుడు పరారుణ వెలుగు వాడతాయి కాబట్టి కనుపాప ముడుచుకోదు. ఫొటో తీసే క్షణంలో మాత్రం తెల్లటి ఫ్లాష్ పడుతుంది. ఒక కంటిలో ఫ్లాష్ పడితే రెండు కనుపాపలూ ముడుచుకుంటాయి. అందరమూ కుడికన్నుతోనే మొదలుపెడతాం కాబట్టి వెంటనే ఎడమకన్నుకు వెళ్లినవారికి అక్కడ ముడుచుకున్న కనుపాప ఎదురవుతుంది, బొమ్మ చీకటిగా వస్తుంది. తెరమీద కనుపాప మళ్లీ విప్పారేదాకా ఆగాలి. పెద్దవారిలో దీనికి అయిదు నిమిషాలు, ఒక్కోసారి అంతకుమించి పడుతుంది. ఒకే కంటికి రెండో ఫొటో తీయాలన్నా ఇదే నియమం. బయట జనం వేచి ఉన్నప్పుడు ఈ అయిదు నిమిషాలు చాలా ఎక్కువ అనిపిస్తాయి. అయినా, తిరిగొచ్చిన ఫొటో కోసం మనిషిని మళ్లీ ఊరినుంచి రప్పించడం కంటే ఇది తక్కువే.

మధ్యాహ్నం ఫొటోల విషయంలో మీ గది కిటికీ ఎటువైపు ఉందో చూడండి. పడమటి ఎండ పరదా సందులోంచి పడుతున్నా, పక్కనే కంప్యూటర్ తెర పూర్తి వెలుగుతో ఉన్నా, తలుపు తెరిచి మూస్తూ ఉన్నా కనుపాప విప్పారదు. నల్లటి మందపాటి పరదా వేసి, తెర వెలుగు తగ్గించి, దాన్ని పేషెంటు ముఖం మీద పడకుండా పక్కకు తిప్పండి. ఎండలోంచి వచ్చిన మనిషిని నేరుగా కెమెరా ముందు కూర్చోబెట్టకుండా చీకటి గదిలో నాలుగైదు నిమిషాలు కూర్చోనివ్వండి. మందులేమి వాడుతున్నారు, షుగర్ ఎన్నేళ్లుగా ఉంది వంటి వివరాలు రాసుకోవడానికి ఆ సమయం సరిపోతుంది. గది వెలుగు చిన్న విషయం కాదు. గూగుల్ పరిశోధకులు థాయ్‌లాండ్‌లోని క్లినిక్‌లలో షుగర్ రెటీనా జబ్బును గుర్తించే కృత్రిమ మేధ వ్యవస్థను నర్సులచేత వాడించి, 2020లో ప్రచురించిన పరిశీలనలో, 1838 ఫొటోలలో సుమారు 21 శాతం ఆ వ్యవస్థ చదవడానికి పనికిరాలేదు. వారు చెప్పిన కారణాలలో చీకటి గది లేకపోవడం ఒకటి.

చీకటిలో కూర్చున్నాక కూడా విప్పారని కనుపాపలు ఉంటాయి. దీర్ఘకాలంగా షుగర్ ఉన్నవారిలో కనుపాపను నడిపే నరాలు దెబ్బతిని అది చిన్నదిగానే ఉండిపోతుంది. వయసు పైబడినవారిలో సహజంగానే చిన్నది. వీరికి మందు వేయకుండా ఫొటో తీయాలన్న పట్టుదల మంచిది కాదు. మన దగ్గర ఎక్కువగా వాడేది ట్రోపికమైడ్ 0.8 శాతం, ఫినైలెఫ్రిన్ 5 శాతం కలిసిన చుక్కలు. బీపీ అదుపులో లేనివారికి, గుండెజబ్బు ఉన్నవారికి ఫినైలెఫ్రిన్ లేని ట్రోపికమైడ్ 1 శాతం మంచిది. వేసేముందు వైద్యుల రాతపూర్వక అనుమతి, వారు నిర్దేశించిన పద్ధతి ఉండాలి. స్లిట్ ల్యాంప్ (సన్నటి వెలుగు గీతతో కన్ను చూసే సూక్ష్మదర్శిని) మీద వాన్ హెరిక్ పద్ధతిలో, నల్లగుడ్డు అంచుకూ దాని వెనుకనున్న రంగు పొరకూ మధ్య కోణం చూడాలి, ఇరుకుగా ఉంటే వేయకుండా వైద్యులకే పంపాలి. చూపు పరీక్ష, అద్దాల పవరు పరీక్ష అంతకుముందే ముగించాలి. మన ముదురు గోధుమరంగు కళ్లలో మందు నిదానంగా పనిచేస్తుంది కాబట్టి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. బండిమీద వచ్చినవారికి ఆ పూట నడపవద్దని ముందే చెప్పాలి. ఆ రాత్రి కన్నునొప్పి, ఎర్రదనం, వాంతి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలని కాగితం మీద రాసి ఇవ్వాలి.

కూర్చోబెట్టే పద్ధతికి చాలామంది చాలినంత సమయం ఇవ్వరు. నా దృష్టిలో సగం ఫొటోలు చెడేది ఇక్కడే. ముందు బల్ల ఎత్తు. పేషెంటు మెడ చాచి, గడ్డం ఆనించే చిన్ రెస్ట్‌ను అందుకోవలసి వస్తే కొద్ది సెకన్లలోనే నుదురు పట్టీ నుంచి వెనక్కి జారుతుంది, దాంతో కెమెరాకు కంటికి మధ్య దూరం మారిపోతుంది. నడుం వంగిన పెద్దవారికి బల్ల బాగా కిందికి దించి, కుర్చీని దగ్గరకు లాగి, చేతులు బల్లమీద ఆనించుకోమనాలి. కంటి బయటి మూల, చిన్ రెస్ట్ స్తంభం మీది గీతకు సమానంగా ఉండాలి. ఆ తర్వాత మాటలు. ‘కదలకండి’ అంటే మనిషి బిగుసుకుపోయి ఊపిరి బిగబడతాడు, కళ్లు చికిలిస్తాడు. దానికి బదులు ‘అమ్మా, నోరు మూసి పళ్లు కలిపి ఉంచండి, నుదురు పట్టీకి ఆనించండి, లోపల పచ్చటి చుక్క కనబడుతోందా?’ అని ఒక్కొక్కటిగా చెప్పాలి. పళ్లు కలపమనడంలో కిటుకు ఉంది: పళ్లు విడిగా ఉంటే దవడ కిందికి జారినకొద్దీ తల మొత్తం రెండు మూడు మిల్లీమీటర్లు కదులుతుంది. చుక్క కనబడటం లేదంటే ఆ కంటి చూపే తక్కువని అర్థం. అప్పుడు బయటి ఫిక్సేషన్ లైటును రెండో కంటికి చూపించి, ఆ కన్ను తిరిగిన దిశలోనే ఈ కన్నూ తిరిగేటట్లు చూసుకోవాలి. ఫ్లాష్ పడుతుందని ముందే చెప్పకపోతే మొదటి ఫొటోకే ఉలిక్కిపడి, రెండోదానికి ముందుగానే రెప్ప మూస్తారు.

రెప్ప వాలిపోయినవారికి ఒక చేతి వేలితో పైరెప్పను రెప్పవెంట్రుకలతో సహా కనుబొమ ఎముక మీదికి ఎత్తి పట్టాలి. కనుగుడ్డు మీద ఒత్తిడి పడకూడదు, ఒత్తితే నల్లగుడ్డు ఆకారం మారి బొమ్మ పాడవుతుంది. ఒకరే ఉంటే కష్టం కాబట్టి రెప్ప ఎత్తడానికి సహాయకుడికో, పేషెంటు బంధువుకో నేర్పండి.

తర్వాత కన్నీటి పొర. పెద్దవారు కన్ను తెరిచి ఉంచమంటే బుద్ధిగా తెరిచే ఉంచుతారు. ఆ ఎనిమిది పది సెకన్లలో కన్నీటి పొర ఆరి చీలిపోతుంది, తెరమీద అప్పటిదాకా స్పష్టంగా ఉన్న రక్తనాళాలు కళ్లముందే కరిగిపోయినట్లు మసకబారుతాయి. ఇది చూసి ఫోకస్ మీట తిప్పడం మొదలుపెడితే ఫోకస్ కూడా పోతుంది. అన్నీ సరిచేసుకున్నాక ‘రెండుసార్లు రెప్ప వేయండి, ఇప్పుడు పెద్దగా తెరవండి’ అని ఆ వెంటనే మీట నొక్కాలి. అప్పటికీ మసకగా ఉంటే కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం కృత్రిమ కన్నీటి చుక్క ఒకటి వేసి ఒక నిమిషం ఆగండి. ఫ్లోరెసిన్ రంగు మందు వేసి కంటి ఒత్తిడి చూడటం, గోనియోస్కోపీ (కంటికి లెన్స్ ఆనించి కోణం చూడటం) వంటి కంటిని తాకే పరీక్షలన్నీ ఫొటోల తర్వాతే పెట్టుకోండి. గోనియోస్కోపీ జెల్లీ పూసిన కంటికి ఆ పూట మంచి ఫొటో రాదు.

ఇన్ని చేసినా చెడిన ఫొటో వస్తుంది. అప్పుడు వెంటనే మళ్లీ మీట నొక్కకుండా ఆ ఫొటోను పది సెకన్లు చూడండి. చుట్టూ వలయంలా తెల్లటి పొగ ఉంటే కెమెరా దూరం తప్పింది. తెరమీది, దూరం చూపే రెండు వెలుగు చుక్కలు సన్నగా, పదునుగా కనబడేదాకా ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదపాలి. పొగ ఒక పక్కనే నెలవంకలా ఉంటే దూరం సరైనదే, కెమెరా కనుపాప నడుమ లేదు. జాయ్‌స్టిక్‌ను పక్కకు జరపాలి. పై అంచునో కింది అంచునో గీతలు గీతలుగా వెలుగు పడితే రెప్పవెంట్రుకలు అడ్డం వచ్చాయి. బొమ్మ అంచులు బాగుండి రక్తనాళాలు మాత్రం మెత్తగా కనబడితే ఫోకస్ తప్పింది. చిన్న కనుపాప, శుక్లం, ఎక్కువ సిలిండర్ పవరు ఉన్న కళ్లలో ఫోకస్ గీతలు రెండూ కలిసినట్లు కనబడినా నమ్మరాదు, డిస్క్ (కంటి నరం రెటీనాలో కలిసే గుండ్రటి చోటు) అంచున ఉన్న సన్నటి నాళాన్ని చూసుకుంటూ ఫోకస్ చేయాలి. బొమ్మ అంతా ఒకేలా పసుపుపచ్చగా, మసకగా ఉంటే శుక్లం. అలాంటప్పుడు స్లిట్ ల్యాంప్‌తో వెనుక వెలుగులో కటకాన్ని చూసి, ఎక్కడ తేటగా ఉందో గుర్తుపెట్టుకుని, కెమెరాను ఆ సందు వైపు కొద్దిగా జరిపి తీస్తే బొమ్మ ఎంతో మెరుగుపడుతుంది. చిన్న వయసువారిలో మాక్యులా (రెటీనా నడుమ సూటి చూపునిచ్చే భాగం) మీద కనబడే పట్టు మెరుపును చూసి పొర ఏర్పడిందని అనుకోవద్దు. కెమెరా కోణం కొద్దిగా మార్చగానే ఆ మెరుపు చోటు మారుతుంది, నిజమైన పొర మారదు.

ఒకే చోట, ఒకే ఆకారంలో వరుసగా నలుగురైదుగురి ఫొటోల్లో మచ్చ కనబడితే అది ముందు లెన్స్ మీది మరక. ఇది తేలికగా తీసుకోదగ్గది కాదు: తెల్లటి దుమ్ము చుక్కను ఎగ్జుడేట్ (నాళాల నుంచి కారి పేరుకున్న కొవ్వు మచ్చ) అనుకుని మనిషిని భయపెట్టవచ్చు, నల్లటి చుక్కను రక్తపు చుక్కగా లెక్క వేయవచ్చు. రోజూ ఉదయం లెన్స్ మూత పెట్టి ఒకటి, చీకట్లో మూత తీసి ఒకటి ఖాళీ ఫొటోలు తీసి చూసుకోండి. తుడిచేముందు బ్లోయర్‌తో దుమ్ము ఊదాలి, తర్వాత తయారీదారు చెప్పిన ద్రవంతో తడిపిన లెన్స్ కాగితంతో నడిమి నుంచి అంచుకు గుండ్రంగా తుడవాలి. చొక్కా అంచు, మామూలు టిష్యూ కాగితం దగ్గరికి రానివ్వకూడదు. కోస్తా జిల్లాల్లో అయితే వానాకాలం తేమకు లోపలి లెన్సుల మీద బూజు పడుతుంది, సాయంత్రం గుడ్డ కప్పి సిలికా జెల్ సంచీ పెట్టడం అలవాటు చేసుకోండి.

ఏ ఫొటోను ‘బాగుంది’ అనాలో కూడా ఒక కొలత ఉండాలి. చూడగానే రంగు బాగుందనిపించడం కొలత కాదు. ఇంగ్లండ్ జాతీయ షుగర్ కంటి పరీక్షా కార్యక్రమం ఒక్కో కంటికి రెండు 45 డిగ్రీల ఫొటోలు తీస్తుంది, ఒకటి మాక్యులా నడుమగా, ఒకటి డిస్క్ నడుమగా. మాక్యులా ఫొటో మంచిదనిపించుకోవాలంటే ఫోవియా (మాక్యులా నడిబిందువు) బొమ్మ మధ్య నుంచి ఒక డిస్క్ వెడల్పుకు మించి జరగకూడదు, ఫోవియా చుట్టూ ఒక డిస్క్ వెడల్పులో సన్ననాళాలు విడివిడిగా కనబడాలి. డిస్క్ ఫొటోలో డిస్క్ మీది సన్ననాళాలు కనబడాలి. రెండింటిలోనూ బొమ్మలో తొంభై శాతానికి పైగా రక్తనాళాలు గుర్తుపట్టేటట్లు ఉండాలి. ఈ కొలతను కాగితం మీద రాసి తెర పక్కన అంటించుకోండి. వెలుగు విషయంలో ఒక మాట: మన కంటి అడుగు ముదురురంగులో ఉంటుంది కాబట్టి కెమెరా తొలి అమరిక కంటే ఒక మెట్టు ఎక్కువ ఫ్లాష్ తరచుగా అవసరమవుతుంది. అయితే ఎరుపు మెరిసిపోయేదాకా పెంచితే చిన్న మైక్రోఅన్యూరిజమ్‌లు (సన్ననాళాల మీది బుడిపెలు) ఆ ఎరుపులో కలిసిపోతాయి. అనుమానం ఉన్నప్పుడు పచ్చ వడపోతలో అదే ఫొటో చూడండి, నాళాలూ రక్తపు చుక్కలూ నల్లగా విడిగా తేలతాయి.

ఇక ఓసీటీ. దీనిలో వాడేది కూడా పరారుణ వెలుగే, చిన్న కనుపాపలోనూ పనిచేస్తుంది. కాబట్టి రెండూ తీయవలసి ఉంటే ఓసీటీ ముందు, ఫ్లాష్ ఫొటో తర్వాత. ఇక్కడ ప్రమాదం వేరే రకం. చెడిన ఫొటో చెడినట్లు కనబడుతుంది. చెడిన ఓసీటీ మాత్రం చక్కటి రంగుల పటం, అంకెలు, ఆకుపచ్చ ఎరుపు గడులతో సహా ప్రింట్ అవుతుంది, చూసినవారు నమ్మేస్తారు. సిరస్ అనే ఓసీటీ యంత్రంలో సిగ్నల్ స్ట్రెంత్ (స్కాన్ నాణ్యత అంకె) 10కి 6 కంటే తక్కువ ఉంటే వాడవద్దని తయారీదారే చెబుతారు. స్పెక్ట్రాలిస్ అనే మరో యంత్రంలో ఆ హద్దు 15 డెసిబెల్స్. ఇవి కనీస హద్దులు మాత్రమే. సిగ్నల్ తగ్గినకొద్దీ డిస్క్ చుట్టూ ఉన్న నరాల పొర మందం నిజానికంటే పలచగా వస్తుంది. క్రితంసారి 9 సిగ్నల్‌తో 92 మైక్రాన్లు, ఈసారి 6 సిగ్నల్‌తో 84 మైక్రాన్లు వస్తే గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ముదిరిందని రాసేముందు కన్నీటి చుక్క వేసి, పవరు సరిచేసి, మళ్లీ తీయాలి. సిగ్నల్ సమానంగా ఉన్నప్పుడు కూడా ఒకే కంటిలో సగటు మందం సుమారు 4, 5 మైక్రాన్లు అటూ ఇటూ కావడం మామూలే.

అంకె ఒక్కటే చూసి ఊరుకోకూడదు. పైనుంచి కనబడే బొమ్మలో నల్లటి అడ్డపట్టీ ఉంటే అక్కడ రెప్ప పడింది. రక్తనాళం ఒకచోట తెగి పక్కకు జరిగినట్లుంటే కన్ను కదిలింది. రెండూ సిగ్నల్ అంకెను పెద్దగా తగ్గించవు, అందువల్ల యంత్రం ఏమీ అనదు. డిస్క్ స్కాన్‌లో 3.46 మి.మీ. వ్యాసపు కొలత వలయం డిస్క్ నడుమ ఉందో లేదో చూడండి. నరాల పొర డిస్క్ దగ్గర మందంగా, దూరంగా పలచగా ఉంటుంది కాబట్టి వలయం ముక్కు వైపు జరిగితే కణత వైపు మందం పెరిగినట్లు, ముక్కు వైపు తగ్గినట్లు వస్తుంది. అడ్డకోత బొమ్మలో పొరల గీతలు పొరల మీదే ఉన్నాయా, లేక వాపు దగ్గరో శుక్లపు నీడ దగ్గరో దారి తప్పాయా అని ఒక్కొక్క కోత తిప్పి చూడాలి. రెటీనా వాలుగా కనబడితే వెలుగు కనుపాప నడిమి నుంచి వెళ్లలేదన్నమాట. యంత్రాన్ని పక్కకు కొద్దిగా జరిపితే బల్లపరుపుగా వస్తుంది. ఎక్కువ మైనస్ పవరు కళ్లలో బొమ్మ అంచు పైకి పోయి తలకిందులుగా మడతపడితే రెటీనాను తెరలో కొంచెం కిందికి దించాలి. ఇదే కళ్లలో నరాల పొర గడి ఎరుపు రంగులో వచ్చినా జబ్బు అని తేల్చవద్దు. పొడవైన కంటికి యంత్రంలోని ప్రామాణిక సమాచారం సరిగా వర్తించదు, పొరల కట్టలు కణత వైపు జరిగి ఉంటాయి.

ఫొటోలు పంపే పద్ధతి గురించి మీరు అడగలేదు కాని, ‘పనికిరాదు’ అని వచ్చినవాటిలో కొన్ని దీనివల్లే అయి ఉంటాయని నా అనుమానం. తెర మీది బొమ్మను ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే సన్నటి రక్తపు చుక్కలన్నీ అక్కడే పోతాయి. వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపితే కుదింపు ఉండదు. అంతకంటే మంచిది, కెమెరా సాఫ్ట్‌వేర్ నుంచి అసలు ఫైలునే వైద్యుల వ్యవస్థలోకి ఎక్కించడం. పేషెంటు పేరు, ఫోను నంబరు ఫైలు పేరులో ఉండకూడదు, మీ రిజిస్టరు సంఖ్య చాలు. కుడి ఎడమలు తారుమారు కాకుండా డిస్క్ ముక్కు వైపు ఉందో లేదో ఒకసారి సరిచూసి పంపండి.

మూడుసార్లు ప్రయత్నించాక, మందు వేశాక కూడా బొమ్మ రాకపోతే అక్కడితో ఆపండి. నాలుగో ఫ్లాష్‌కు పేషెంటూ మీరూ అలిసిపోవడమే తప్ప ఫలితం ఉండదు. చీటీలో ‘ఫొటో రాలేదు’ అని వదిలేయకుండా కారణం రాయండి: శుక్లం, విట్రియస్‌లో (కంటి లోపలి జెల్లీలో) రక్తం అనుమానం, కనుపాప విప్పారలేదు, కూర్చోలేకపోయారు. షుగర్ ఉన్న కంట్లో బొమ్మ రాకపోవడమే నేత్రవైద్యుల దగ్గరికి పంపడానికి తగిన కారణం. విట్రియస్‌లో రక్తమే అడ్డమై ఉంటే ఆలస్యం కూడా చేయరాదు.

కొత్త కెమెరా మాట చివరికి ఉంచాను. పై మార్పులన్నీ చేసి ఒక నెలపాటు, తిరిగొచ్చిన ప్రతి ఫొటోకూ పక్కన కారణం రాసుకోండి. ఎక్కువ వాటికి ‘కనుపాప చిన్నది’ అని, అదీ మందు వేయడం కుదరనివారి విషయంలో, రాయవలసి వస్తే అప్పుడు తక్కువ కనుపాపలో పనిచేసే కెమెరా గురించి ఆలోచించవచ్చు. ‘శుక్లం’ ఎక్కువగా ఉంటే స్కానింగ్ లేజర్ రకం కొంత మెరుగు, కాని ధర చాలా ఎక్కువ, రంగులు మనకు అలవాటైన రంగుల్లా ఉండవు. ఏది కొన్నా డీలర్ తెచ్చిన పాతికేళ్ల కుర్రవాడి కంటి మీద డెమో చూసి ఒప్పుకోకండి. మీ క్లినిక్‌లోనే, మధ్యాహ్నం పూట, మందు వేయకుండా, మీ దగ్గరికి రోజూ వచ్చే డెబ్బై ఏళ్ల శుక్లం కంటిని చూపించి తీయమనండి. ఆ ఫైలును మీ రెటీనా వైద్యులకే పంపి వారేమంటారో విన్నాక డబ్బు మాట ఎత్తండి.